టీఎంసీల లెక్క సరే, పాచిన కాళ్ల లెక్కేది?

కృష్ణా నీళ్ల మీద మాట్లాడమంటే మన నాయకులకు నోరు ఆగదు. బచావత్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఎట్లా ఇచ్చాడు, అందులో కృష్ణా డెల్టా వాటా 181.2 టీఎంసీలకు ఎవరు గండి కొడుతున్నారు, 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ, దాని కింద 13 లక్షల ఎకరాలు... అన్నీ నోటికొచ్చు. దశాంశ బిందువు దగ్గర కూడా తడబడరు. మంచిదే. లెక్క తెలియని వాడికి నీళ్లు రావు.

మరి ఆ నీళ్లు కాలువ దాటి, బోదె దాటి మడిలోకి వచ్చాక, అందులో దిగే మనిషి సంగతేమిటి? పొద్దున్నే దిగి పొద్దువాలేదాకా వంచిన నడుం ఎత్తకుండా నాటు వేసే ఆడకూలీ కాలివేళ్ల సందుల్లో ఏం జరుగుతోందో ఎవరి రికార్డులోనైనా ఉందా? మండలాఫీసులో ఉందా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో ఉందా? జిల్లాకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజుకు రెండుసార్లు చెప్పే సర్కారు, ఆ నీళ్లలో ఎన్ని జతల కాళ్లు పాచిపోయాయో ఒక్క ఏడాదైనా చెప్పిందా?

పాలకులను అనే ముందు మమ్మల్ని మేం అనుకోవాలి. జెండాలు పట్టుకుని బందర్ రోడ్డు మీద, ఏలూరు రోడ్డు మీద తిరిగిన రోజుల్లో నీటి వాటాల మీద కరపత్రాలు వేశాం, వ్యాసాలు రాశాం. మా సభలకు ట్రాక్టర్లలో వచ్చి ముందు వరసలో నేల మీద కూర్చున్న కూలీ అక్కలు పాదాలను చీర అంచుకింద దాచుకుంటుంటే సిగ్గుపడుతున్నారనుకున్నాం. ఎందుకు దాచుకున్నారో అడగలేదు.

ఊడ్పులు అంటే తెలియని వారి కోసం చెప్పాలి. కాలువలు వదిలాక మడికి నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ఆకుమడిలో నారు పీకి, మట్టి దులిపి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మడిలో వెనక్కి నడుస్తూ నాటాలి. ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకున్న ముఠా అయితే పొద్దుకు ఎన్ని ఎకరాలు అయితే అంత కూలి. మధ్యలో గట్టెక్కి కాళ్లు ఆరబెట్టుకుంటే ఆ మేరకు కూలి పోయినట్టే. ఒక ఊరి ఊడ్పులు అయ్యాక పక్క ఊరు, ఆ తర్వాత శివారు భూములు. నెలా, నెలన్నర ఇదే పని.

అన్ని గంటలు నీళ్లలో నానిన చర్మం ఉబ్బి తెల్లబడుతుంది. మన ఒంటి మీద పైపొర ఒక గోడ. నానితే ఆ గోడ మెత్తబడి పగుళ్లిస్తుంది. అప్పటిదాకా బయట ఊరుకున్న సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి. వేళ్ల సందుల్లో క్యాండిడా అనే ఫంగస్ చేరుతుంది. సందు తెల్లగా పాచి, తోలు ఊడి, కింద ఎర్రటి పచ్చిపుండు మిగులుతుంది. అరికాలి మీద ఇంకో రకం బ్యాక్టీరియా పడితే చీమలు తిన్నట్టు గుంటలు గుంటలుగా లేచిపోయి భరించలేని వాసన వస్తుంది. చేతుల సంగతి వేరే. నారు పీకేటప్పుడు, నాటేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు బురదలోకి గుచ్చుకోవాలి. గోరు మొదట్లో చర్మం విడిపోతుంది, చీము పడుతుంది. అదే గోరుచుట్టు. గోరుచుట్టు మీద రోకటి పోటు అనే సామెత మనం ఎన్నిసార్లు వాడి ఉంటాం! మర్నాడు ఆ వేలినే మళ్లీ బురదలో గుచ్చాల్సిన వాళ్లకు అది సామెత కాదు.

నీళ్లలో ఇంకో శత్రువు ఉంది. గేదెలు, బాతులు తిరిగే మళ్లల్లో నత్తల నుంచి బయటపడే కంటికి కనపడని పురుగుపిల్లలు మనిషి చర్మంలోకి దూరడానికి చూస్తాయి. అవి పశువుల, పక్షుల ఒంట్లో పెరిగే జాతులు, మనిషి ఒంట్లో బతకలేక చర్మంలోనే చస్తాయి. కానీ పిక్కల మీద ఎర్రటి పొక్కులు, రాత్రంతా నిద్రపట్టనివ్వని దురద మిగిల్చి మరీ చస్తాయి. "నీళ్లు పడలేదు" అని మన వాళ్లు అనేవాటిలో ఇదీ ఒకటి.

ఈ మాటలు రాస్తున్న వాడి తల్లి ఇరవై ఏళ్లకు పైగా ఊడ్పులకు వెళ్లింది. ఆషాఢం వచ్చిందంటే గోరింటాకు నూరి చేతులకే కాదు, అరికాళ్లకు, వేళ్ల సందులకు దట్టంగా పెట్టుకునేది. చిన్నతనంలో అది సింగారం అనుకునేవాళ్లం. గోరింటాకులో రంగునిచ్చే పదార్థానికి ఫంగస్‌ను అణిచే గుణం ఉందని తర్వాత పుస్తకాల్లో చదివాను. కాలువలు వదిలే నెలకూ గోరింటాకు నెలకూ ఉన్న చుట్టరికం ఏ పండితుడో పెట్టింది కాకపోవచ్చు. డిగ్రీ అయ్యాక ఒకరోజు "అమ్మా, అన్నేళ్లు కాళ్లు అట్లా పాచిపోతుంటే డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదే?" అని అడిగితే నవ్వింది. "ఊడ్పులప్పుడు కాళ్లు పాచకపోతే అవి ఊడ్పులేంట్రా అబ్బాయ్!" అంది.

మన కష్టమంతా ఆ నవ్వులోనే ఉంది. జబ్బును జబ్బని అనుకోనంత కాలం దానికి మందు అడిగేదెవరు? అడగని దానికి లెక్క రాసేదెవరు?

ఇదే జబ్బు ఇంకొకరికి వస్తే ఎట్లా ఉంటుందో చరిత్రలో ఉంది. వియత్నాం యుద్ధంలో మెకాంగ్ డెల్టా వరిమళ్లల్లో దిగిన అమెరికా సైనికుల కాళ్లు ఇట్లాగే పాచిపోయాయి. పటాలాలకు పటాలాలు కుంటుకుంటూ వెనక్కి వచ్చేసరికి ఆ ప్రభుత్వం కంగారుపడింది. చర్మవైద్యులను యుద్ధరంగానికి పంపింది. బూట్లు, మేజోళ్లు, పూతమందులు అన్నీ పరీక్షించింది. చివరికి తేలింది ఏమిటంటే వరిమడిలో 48 గంటలకు మించి మనిషిని ఉంచకూడదు, ఆ తర్వాత 24 గంటలు పొడినేల మీద కాళ్లు ఆరనివ్వాలి. ఆ అనుభవమంతా సైన్యం ఒక పెద్ద సంపుటంగా అచ్చేసుకుంది. నిజమే, మన ఆడకూలీ రాత్రికి ఇంటికొస్తుంది, బూటులో నీళ్లు నిలవవు గనక సైనికుడికి వచ్చినంత వాపు ఆమెకు రాదు. కానీ ఆ సైనికుడు ఏడాది ఉండి పోయాడు. ఈమె పదమూడేళ్లప్పుడు దిగి అరవై దాటినా దిగుతూనే ఉంది. వాడు మనుషులను చంపడానికి దిగాడు, ఈమె మనకింత అన్నం పెట్టడానికి దిగింది. పరిశోధన మాత్రం వాడి కాళ్ల మీద జరిగింది!

అంత దూరం ఎందుకు, బెజవాడలోనే చూశాం. 2024 ఆగస్టు ఆఖరున బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో బ్యారేజీ మీద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. మోకాలి లోతు నీళ్లలో తిరిగిన జనానికి కాళ్లు పాచాయి, దద్దుర్లు లేచాయి. వైద్య శిబిరాలు పెట్టారు, మందులు పంచారు. పెట్టి తీరాలి, తప్పు పట్టడం లేదు. పట్నం కాళ్లు పది రోజులు తడిస్తే విపత్తు అయింది కదా. మొవ్వ, పామర్రు, అవనిగడ్డ, రేపల్లె పక్క పల్లెల కాళ్లు ఏటా నలభై రోజులు తడుస్తాయి. అది విపత్తు ఎందుకు కాదు? అసలు మన పల్లెలకు వచ్చే నీళ్లు ఎట్లాంటివి? బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మూడూ బెజవాడ నడిబొడ్డు గుండా పోయేవే. పట్నం మురుగు ఎంత కలుస్తుందో వంతెన మీద నిలబడి ముక్కు మూసుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆ నీళ్లే మడికి, ఆ నీళ్లే కాలువ చివరి దళితవాడలో స్నానానికి.

వరి ఒక్కటే కాదు. తోట్లవల్లూరు లంకల నుంచి కొల్లిపర, దుగ్గిరాల దాకా కంద, పసుపు, అరటి, చెరకు. ప్రతి పంటకూ దాని తోలు జబ్బు ఉంది. కంద కోసి చూడండి. అందులో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. వంటింట్లో ఒక్క కంద ముక్క తరిగితేనే చింతపండు రాసుకునే మనం, విత్తనం కోసం రోజంతా కంద కోసే కూలీ చేతులను ఊహించుకోవాలి. చెరకు ఆకు అంచు రంపం. అరటి జిగురు బట్టకు అంటితే పోదు, ఒంటికంటితే మండుతుంది. ఏరు దాటి గుంటూరు వైపు వెళితే మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు. సాయంత్రం ఇంటికెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడతారు, ఆ మంట బిడ్డకంటుతుందని. గట్ల మీద, బీళ్ల మీద వయ్యారిభామ. 1950లలో మన దేశంలో కనిపించిన ఈ కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. దాని పొడి గాలికి ఎగిరి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడుతుంది. కొందరికి ఏళ్ల తరబడి ఏమీ కాదు, ఒకసారి పడకపోవడం మొదలైందా, ఇక ముఖమంతా నల్లబడి, మందంగా ఏనుగు తోలులా అయిపోతుంది. పొలం మానేస్తే తప్ప తగ్గదు. పొలం మానేస్తే ఏం తినాలి?

వీటికి తోడు పురుగుమందులు. వెద పద్ధతి పెరిగింది, ఊడ్పు మిషన్లు వచ్చాయి, ఊడ్పులకు బెంగాల్, బీహార్ నుంచి మగ ముఠాలు దిగుతున్నాయి. కాళ్లు మారాయి తప్ప పాచడం మారలేదు. ఆ వచ్చినవాళ్లకు ఇక్కడ భాష కూడా రాదు, చెప్పుకునే దిక్కు అసలే లేదు. వెదజల్లిన చేలో కలుపు ఎక్కువ గనక కలుపు మందు కొట్టడం పెరిగింది. వీపు మీద కారే డబ్బా, చేతికి తొడుగు లేదు, కాళ్లకు ఏమీ లేదు. మందు కలిపేవాడికి రక్షణ దుస్తులుండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ దుస్తులను మన డెల్టాలో ఎవరి ఒంటి మీదైనా చూసిన పాఠకులుంటే మాకు తెలియజేయగలరు.

ఇప్పుడు ట్యూబుల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాయక తప్పదు. దురద భరించలేక కూలీ వెళ్లేది పెద్దాసుపత్రికి కాదు. బెజవాడ పెద్దాసుపత్రిలో చర్మవైద్యుణ్ని చూడాలంటే బస్సు ఛార్జీలు, చీటీ కోసం వరస, ఒక రోజు కూలి పోవడం. అందుకే ఊళ్లో ఆరెంపీ దగ్గరికి, లేదా మందుల కొట్టుకు. "ఏమ్మా, దురదా? ఇది రాయి, రెండు రోజుల్లో పోద్ది" అని ఒక ట్యూబు చేతిలో పెడతారు. నిజంగానే రెండు రోజుల్లో పోతుంది! ఎందుకు పోతుందంటే అందులో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను అణచిపెడుతుంది. కింద ఫంగస్ హాయిగా పాకుతుంది. ట్యూబు అయిపోగానే అరచేయంత ఉన్న తామర నడుం చుట్టూ తిరిగి ఉంటుంది. మళ్లీ అదే ట్యూబు. కొన్నాళ్లకు చర్మం పల్చబడి సిగరెట్ కాగితంలా అవుతుంది, తొడల మీద చారలు పడతాయి. మా ఇంట్లోనే చూశాం. అమ్మకు ఒక కొట్టతను రెండేళ్లు ఆ ట్యూబే ఇచ్చాడు. చివరికి చర్మవైద్యుడు చూసి మొదట అడిగిన మాట "ఏ ట్యూబు రాశారమ్మా?" అనే.

గత పదేళ్లుగా దేశమంతటా మందులకు లొంగని తామర పాకింది. టెర్బినాఫిన్ అనే మంచి మందుకు కూడా లొంగని ఫంగస్ జాతికి 2020లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే. అవును, మన దేశం పేరే! అది ఇప్పుడు అమెరికా, యూరప్ దేశాల్లోనూ బయటపడుతోంది. చర్మవైద్యుల సంఘం మొత్తుకోగా మొత్తుకోగా 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఆదేశం ఢిల్లీలో ఉంది, ట్యూబు మన ఊరి కొట్లో ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ మధ్య దారి తప్పిపోయినట్టున్నారు.

"ఓస్, దురదే కదా" అనే పెద్దమనుషులకు ఒక మాట. చర్మం పగిలిందంటే తలుపు తెరిచినట్టే. ఎలుకల మూత్రం కలిసిన మడి నీళ్ల నుంచి లెప్టోస్పైరా ఆ పగుళ్లలోంచే ఒంట్లోకి వెళ్లి కాలేయాన్ని, మూత్రపిండాలను పట్టుకుంటుంది. మన కోస్తాకు బోదకాలు కొత్త కాదు. వాపున్న కాలికి వేళ్ల సందు పాచిందంటే అక్కణ్నించి బ్యాక్టీరియా దూరి చలిజ్వరం, కాలు ఎర్రగా వాచి మంటలు. ఒక్కో దాడికి కాలు ఇంకాస్త లావవుతుంది. వేళ్ల సందులను సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పూతమందు రాస్తే ఆ దాడులు బాగా తగ్గుతాయని రుజువైంది. బోదకాలు మాత్రలు మింగించడానికి ఇంటింటికీ వచ్చినవాళ్లు ఒక్కసారి కిందికి వంగి వేళ్ల సందులు చూడాలి. మందుల కన్నా ఆ చూపు చవక. ఊళ్లో చర్మం గురించి సర్కారు అడిగేది ఒకే ప్రశ్న, స్పర్శ తెలియని మచ్చ ఉందా అని. కుష్ఠును అట్లా అడిగి అడిగే, లెక్కించి లెక్కించే దారికి తెచ్చారు. లెక్క పెడితే జబ్బు తగ్గుతుందని వాళ్లకే తెలుసు మరి.

చట్టాల సంగతికొద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక జాబితా ఉండేది. అందులోని జబ్బు కార్మికుడికి వస్తే డాక్టరు సర్కారుకు తెలియజేసి తీరాలి. రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మవ్యాధి ఆ జాబితాలో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా ఆ జాబితాను తెచ్చుకుంది. ఫ్యాక్టరీ గేటు లోపల రసాయనం తగిలి తోలు ఊడితే రికార్డు, గట్టు మీద అదే రసాయనం తగిలితే తలరాత! తోటల కార్మికులకని 1951లో చట్టం వచ్చింది. తేయాకు, కాఫీ, రబ్బరు, సింకోనా, ఏలకులు. 2010లో దానికి సవరణ చేసి పురుగుమందుల నుంచి కూలీలను కాపాడే బాధ్యత యజమానిదే అన్నారు. అస్సాం, నీలగిరి కూలీలకైనా అది సరిగా దక్కిందా అనేది వేరే ప్రశ్న, కనీసం కాగితం మీద ఉంది. మన అరటి తోట, పసుపు చేను, కంద చేను తోటలు కావా? కేంద్రం ఒప్పుకుంటే రాష్ట్రం వేరే పంటలను కూడా చేర్చవచ్చని కొత్త కోడ్ అంటోంది. కానీ అయిదు హెక్టార్లు ఉండాలి. పన్నెండు ఎకరాల పైచిలుకు ఒకే కమతం మన డెల్టాలో ఎంతమందికుంది? ఎకరం, రెండెకరాల కౌలు రైతు దగ్గర పనిచేసే కూలీకి యజమాని ఎవరు? ఆ కౌలు రైతే పక్క మడిలో కాళ్లు పాచి నిలబడి ఉంటాడు. అంటే ఇది యజమాని మెడలు వంచి తేల్చే వ్యవహారం కాదు, సర్కారు తన నెత్తిన వేసుకోవలసింది.

వ్యవసాయంలో పనిచేసేవారి ఆరోగ్య భద్రత కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో ఒప్పందం తెచ్చింది. మన దేశం సంతకం పెట్టలేదు. చర్మవ్యాధులు ప్రపంచ ఆరోగ్య సమస్య అని 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఏ సమయంలో చూసినా సుమారు 180 కోట్ల మంది వీటితో బాధపడుతున్నారట. ఉమ్మడి రాష్ట్రంలో 2011 జనగణన ప్రకారం వ్యవసాయ కూలీలు 1.69 కోట్ల మంది. ఇంతమంది ఒంటి మీది తోలు ఎవరి శాఖ కిందికి వస్తుంది? వ్యవసాయ శాఖను అడిగితే అది ఆరోగ్యం అంటుంది, ఆరోగ్య శాఖను అడిగితే అది పని వల్ల వచ్చింది, కార్మిక శాఖ అంటుంది, కార్మిక శాఖకు పొలం కనపడదు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

బూట్లు వేసుకోమ్మా అని సలహా ఇచ్చే అధికారులున్నారు. దమ్ము చేసిన మడిలో ఒక్క అడుగు వేసిన వాడెవడూ ఆ మాట అనడు. బూటు అక్కడే దిగబడి కాలు మాత్రం బయటికొస్తుంది. చేతికి రబ్బరు తొడుగు వేసుకుంటే రెండు వేళ్ల మధ్య నారు మొక్క జారిపోతుంది. అయ్యే పనులు వేరే ఉన్నాయి, అవి పెద్ద ఖర్చు కూడా కావు. పని దిగగానే మంచినీళ్లతో, సబ్బుతో కాళ్లు కడుక్కునే చోటు. వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడానికి బట్ట. పొద్దున్నే దిగే ముందు రాసుకోవడానికి వ్యాజలిన్ లాంటి పూత. విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ లాంటి పాత చవక మందులు. వరసగా దిగకుండా మధ్యలో ఆకుమడి పనికో, గట్టు పనికో మార్చే ఏర్పాటు. కందకు, మిరపకు, పురుగుమందుకు మాత్రం తొడుగులు పనికొస్తాయి. రైతు సేవా కేంద్రంలో పురుగుమందు డబ్బా అమ్మేచోట తొడుగుల జత కూడా ఇవ్వడానికి ఏం అడ్డం?

లక్షల ఖర్చయ్యే ఆపరేషన్లకు సర్కారు కార్డు ఉంది, సంతోషం. కాళ్ల పాచు మనిషిని ఆసుపత్రి మంచం ఎక్కించదు, అందుకే కార్డుకు కనపడదు.

ఏటా కాలువలు వదిలే ముందు కలెక్టరేట్లో నీటిపారుదల సలహా మండలి కూర్చుంటుంది. మంత్రులు, ఎమ్మెల్యేలు, ఇంజినీర్లు, వ్యవసాయాధికారులు వస్తారు. ఏ రోజు గేట్లు ఎత్తాలి, శివారుకు నీళ్లు ఎప్పుడు చేరాలి అని గంటలు గంటలు వాదించుకుంటారు. వచ్చే ఖరీఫ్ సమావేశానికి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారిని కూడా పిలవాలి. నీళ్లు శివారుకు చేరే రోజుకు ఆ ఊరి ఉపకేంద్రానికి పూతమందు చేరిందా అని అక్కడే అడగాలి. ఊడ్పుల నెలన్నరలో 104 బండి పొద్దున పదింటికి కాకుండా, కూలీలు గట్టెక్కే సాయంత్రం వేళకు ఊళ్లో ఉండాలి. ఆశా కార్యకర్త రిజిస్టరులో ఒక గడి పెంచాలి. కాళ్లు, చేతులు పాచి ఎన్ని రోజులు పని పోయింది అని.

ఆ గడి వాళ్లు పెట్టేలోగా మనమే మొదలుపెడదాం. ఈ పత్రిక చదివేవాళ్లు ఊళ్లో పది ఇళ్లు తిరిగి, కిందటి ఊడ్పుల్లో ఎవరికి ఏం వచ్చింది, ఎన్ని రోజులు కూలి పోయింది, ఏ ట్యూబు రాశారు, ఎంత ఖర్చయింది అని రాసి పంపండి. ట్యూబు అట్టపెట్టె దొరికితే అది కూడా కవరులో పెట్టండి. మనుషుల పేర్లు వేయం. ఊళ్ల పేర్లు, లెక్కలు మాత్రం వేస్తాం, గేట్లు ఎత్తే వారం వెలువడే సంచికలో.